పై వాక్యం, కింది వాక్యం

"ఎన్నాళ్లయింది అత్తయ్యా?"

చిన్నకోడలు మాత్రల అట్టలు మూడూ మంచం మీద పరిచింది. ఒక్క మాత్ర కూడా తీసినట్టు లేదు. దిండు గలీబు ఉతుకుదామని లాగితే బయటపడ్డాయి.

అత్తగారు గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. కుడి పాదానికి చుట్టిన గుడ్డ తడిసి, అంచుల్లో పచ్చగా మరక తేలింది. ఆమెకు పదేళ్లుగా షుగరు. నెల క్రితం చెప్పు కరిచిన చోట లేచిన పొక్కు ఇప్పుడు పుండై బొటనవేలి కిందంతా పాకింది.

"మిమ్మల్నే. రోజూ వేసుకున్నాననే చెప్పారు కదా. నీళ్ల గ్లాసు నా చేత్తోనే ఇచ్చాను కదా."

అత్తగారు మొహం గోడవైపు తిప్పుకుంది.

"అమ్మనెందుకు నిలదీస్తావు? నన్నడుగు."

గుమ్మంలో పెద్దకొడుకు నిలబడి ఉన్నాడు. రంగుల దుకాణంలో గోడల రంగులు కలిపే పని అతనిది. ఎంత రుద్దినా గోళ్ల సందుల్లో ఏదో ఒక రంగు మిగిలే ఉంటుంది. ఇవాళ నీలం.

"నలభై రోజులైంది. వాటితో పని లేదని నేనే చెప్పాను."

"కాలు చూశారా బావగారూ?"

"రోజూ చూస్తున్నాను. దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తున్నాను."

"చెయ్యండి. ఎవరొద్దన్నారు? చెయ్యి కాలి మీద పెట్టి, మాత్ర నోట్లో పెట్టండి."

"రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదమ్మాయీ."

"ఉన్న కాలే పోయేట్టుంది. ఇంక పడవల గొడవెందుకు?"

అతనికి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. బల్ల మీది బైబిలు తీసి, వెతుక్కోకుండానే ఒక పేజీ తెరిచాడు. ఆ చోట పుస్తకం దానంతటదే విచ్చుకుంది.

"ఒక రాజుకి జబ్బు చేసింది. జబ్బులో దేవుణ్ణి అడగలేదు, వైద్యుల్ని పిలిపించుకున్నాడు. ఆ తర్వాతి మాటేమిటో తెలుసా? చచ్చిపోయాడు. జబ్బు ఎక్కడ చేసిందో చూడు." వేలితో ఆ వరుస మీద తట్టాడు. "పాదాల్లో. పాదాల్లోనే."

చిన్నకోడలు ఈ ఇంటికి వచ్చి ఆరేళ్లయింది. పుట్టింట్లో ఆ పుస్తకం లేదు, ఏ పుస్తకమూ లేదు. ఇక్కడ అది అందరి చేతుల్లోనూ చూసింది. తన చేతిలో ఎప్పుడూ చూసుకోలేదు.

"ఏమండీ, మీరేమీ అనరా?" అంది భర్తవైపు తిరిగి.

అతను గడప మీద కూర్చుని బూట్ల తాళ్లు బిగిస్తున్నాడు. లిఫ్టుల మెకానిక్కు. ఊళ్లో ఎవరి లిఫ్టు ఇరుక్కున్నా పరిగెత్తుకెళ్లి దింపే మనిషి, ఇంట్లో మాత్రం ఎప్పుడూ అమ్మకూ అన్నకూ మధ్యనే ఆగిపోతాడు.

"సాయంత్రం మాట్లాడుకుందాం. నాకు ఆలస్యమవుతోంది."

"సాయంత్రానికి పుండు ఆగుతుందా?"

అప్పుడు నోరు విప్పింది అత్తగారు. గోడవైపు నుంచి తల తిప్పకుండానే.

"నువ్వా పుస్తకం ఒక్కసారైనా తెరిచావా?"

"లేదు."

"తెరవనిదానివి, తెరిచినవాడితో వాదించకు."

*

ఆమె పని కళ్లద్దాల దుకాణంలో. వెనక గదిలో కూర్చుని, అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. వెంట్రుకవాసి ఎక్కువ అరిగినా అద్దం ఊడిపోతుంది, తక్కువ అరిగితే ఫ్రేము విరుగుతుంది. ఆ రోజు రెండు ఫ్రేములు విరిగాయి.

రెండోది ప్రూఫుల మాస్టారిది.

ఆయన అచ్చాఫీసులో నలభై ఏళ్లు ప్రూఫులు దిద్ది రిటైరయ్యాడు. ఏడాదికి రెండుసార్లు అద్దాలు మారుస్తాడు. మార్చినప్పుడల్లా దుకాణం బోర్డు మీది అచ్చుతప్పు గురించి యజమానికి గుర్తు చేస్తాడు.

"పోనీలేమ్మా, ముక్కు మీద కూర్చోబెట్టి విరగ్గొట్టలేదు, అది నయం," అన్నాడు. తర్వాత ఆమె మొహం చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఏమయింది?"

చెప్పింది. మాత్రలు, పుండు, రాజు, పాదాలు అన్నీ చెప్పింది.

"ఆ పుస్తకం మూడుసార్లు అచ్చయితే మూడుసార్లూ ప్రూఫులు నేనే దిద్దాను," అన్నాడు మాస్టారు. "కామా పోతే దేవుడే పోయినట్టు గోల చేసేవాళ్లు. ఇంతకీ నీకేం కావాలి?"

"ఆ రాజు కథకి జవాబు కావాలి. ఒక్క వాక్యం చాలు."

"ఒక్క వాక్యం కోసం వచ్చినవాళ్లు ఒక్క వాక్యంతోనే పోతారు. మీ బావగారు పోయింది అలాగే."

మర్నాడు మధ్యాహ్నం ఆయన సంచిలో ఒక బైబిలు తెచ్చాడు. ఇంట్లో ఉన్న దానిలా పాతకాలపు మాటలతో కాదు, ఇప్పటి వాడుక మాటల్లో ఉంది. ఆమె అన్నం డబ్బా మూత తీసి తింటూనే చెప్పింది.

"నిన్న ఇంట్లోది తెరిచాను మాస్టారూ. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ఎవరికి ఎవరు పుట్టారో, ఎవరు ఎన్నేళ్లు బతికారో చదివేసరికి కళ్లు మూతలుపడ్డాయి."

"అందరూ అక్కడే బోర్లా పడతారు. ఇది పుస్తకం కాదమ్మా, బీరువా. అరవై ఆరు పుస్తకాలు సర్దిపెట్టిన బీరువా. ఇందులో రాజుల చరిత్ర ఉంది, పాటలున్నాయి, ఉత్తరాలున్నాయి, చట్టాలున్నాయి. పాటని చట్టంలా చదివితే పాట చస్తుంది. చట్టాన్ని పాటలా చదివితే మనం చస్తాం. ముందు నీ చేతిలో ఉన్నది ఏమిటో చూసుకో."

"మరి ఎక్కడ మొదలుపెట్టను?"

"మార్కు రాసిన సువార్త తీసుకో. యేసు సంగతి చెప్పిన నలుగురిలో అతనిదే పొట్టిది. పదహారు అధ్యాయాలు. రోజుకొకటి. నీ డబ్బా ఖాళీ అయ్యేలోపు అయిపోతుంది."

"నాకు పదహారు రోజులెక్కడివి?"

మాస్టారు బైబిలు తన వైపు లాక్కున్నాడు. "సరే. రెండూ చదువు. రాజు కథ మీ బావగారి కోసం. మార్కుది నీకోసం."

కాగితం చివర చింపి గుర్తు పెట్టి రాజు కథ తీసి ఇచ్చాడు. ఆమె వేలు తిన్నగా జబ్బు మాట మీదికి పోయింది. ఆయన ఆ వేలు పట్టుకుని పేజీ పైకి లాగాడు.

"ప్రూఫు దిద్దేటప్పుడు వరుసలో ఒక్క మాట తప్పుందంటే, పై వరుసా కింది వరుసా కూడా చదవాలి. లేకపోతే ఒప్పుని తప్పు చేస్తాం. ఇదీ అంతే. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరితో? ఏం జరిగాక? ఆ తర్వాతేమయింది? అర్థం కానిది నోటుబుక్కులో రాసుకో. కోపం తెప్పించినదీ రాసుకో. దాటేయకు."

ఆమె మూడు అధ్యాయాలు వెనక్కి వెళ్లి చదివింది. ఆ రాజు మొదట్నుంచీ చెడ్డవాడు కాడు. ఏళ్ల తరబడి బాగానే ఏలాడు. ముసలితనంలో పక్క రాజుకి భయపడి, గుడిలోని వెండి బంగారాలు తీసి సైన్యం సాయం కోసం పైదేశపు రాజుకి ఇచ్చాడు. అది తప్పని ఒక ప్రవక్త మొహం మీదే చెప్పాడు. రాజుకి కోపం వచ్చి ఆయన్ని చెరసాలలో వేయించాడు. జనంలో కొందరిని అణగదొక్కాడు. ఆ తర్వాత పాదాలకు జబ్బు.

"చూశారా!" అంది ఆమె. "వైద్యుల దగ్గరికి పోవడం ఒక్కటీ కాదు, అసలు సంగతి పైన ఉంది. నిజం చెప్పినవాణ్ణి జైల్లో పెట్టాడు."

"చూశాను. ఇంకా చదువు."

ఇంకో రాజు కథ దొరికింది. చావుకి దగ్గరైన ఆ రాజు ఏడ్చి ప్రార్థన చేశాడు. దేవుడు విన్నాడు. విన్నాక ప్రవక్త ఏమన్నాడు? పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. ప్రార్థనా ఉంది, మందూ ఉంది, ఒకే చోట ఉన్నాయి. ఆ రోజు ఆమె చేతిలో ఒక్క ఫ్రేము కూడా విరగలేదు.

మార్కు మొదట్లో రుచించలేదు. కథ నిలవదు. ఒకడు ఒళ్లంతా రోగంతో వస్తాడు, బాగుపడతాడు, ఇంకొకణ్ణి పైకప్పు ఊడదీసి దింపుతారు. రెండో అధ్యాయంలో ఒక మాట దగ్గర ఆగింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి వైద్యుడెందుకు, జబ్బు ఉన్నవాళ్లకి కదా కావాలి అంటాడు యేసు. దాన్ని నోటుబుక్కులో రెండుసార్లు గీత గీసి రాసుకుంది.

అయిదో అధ్యాయంలో ఒక ఆడమనిషి. పన్నెండేళ్లుగా రక్తం పోతోంది. ఎందరో వైద్యుల చేతుల్లో పడి నానా బాధలూ పడింది, ఉన్నదంతా ఊడ్చిపెట్టింది. బాగుపడలేదు సరికదా, ఇంకా చెడింది.

చిన్నకోడలు పేజీ తిప్పేసింది.

మాస్టారు నోటుబుక్కు చూశాడు. "అయిదో అధ్యాయం దగ్గర ఖాళీగా ఉందే?"

"అందులో నాకు పనికొచ్చేదేమీ లేదు."

"నీకు పనికొచ్చేదే చదువుతానంటే, ఇక మీ బావగారితో నీకు పేచీ ఏముంది?"

ఆమెకు చురుక్కుమంది. "మీకేం మాస్టారూ, నింపాదిగా చెబుతారు. అక్కడ కాలు కుళ్లుతోంది. అసలు మీకిందులో నమ్మకముందా?"

మాస్టారు కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

"చదవడం ఎలాగో అడుగు, చెబుతాను. అది అడగకు."

*

అయిదు రోజులు ఆమె పొద్దునా సాయంత్రమూ కాచిన నీళ్లతో అత్తగారి పుండు కడిగింది. అత్తగారు కడగనిచ్చింది. మాత్ర చూపిస్తే పెదాలు బిగించింది. ఇంట్లో ఎవరి మాటలు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి.

శనివారం బొటనవేలి కొస నల్లబడింది.

"ఎత్తుకుని తీసుకెళ్దాం రండి," అంది భర్తతో.

"రానంటోంది కదా. ఎత్తుకెళ్లి పడేస్తే మాత్రం? ఆసుపత్రివాళ్లు కాళ్లూ చేతులూ కట్టి మందు పోస్తారా?"

"మీరు గట్టిగా చెప్పండి. మీ అమ్మ."

"వాడూ మా అన్నే," అన్నాడతను. "వదిన పోయాక వాడి మొహంలోకి నేను సరిగా చూడలేదు. ఇప్పుడు చూసి ఏం చెప్పను?"

"అయితే నేను చెబుతాను."

"నువ్వా? ఏం చెబుతావు?"

ఆమె నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది.

ఆదివారం పదిన్నరకు ముందుగదిలో ప్రార్థనకు పద్దెనిమిది మంది కూర్చున్నారు. సగం మంది పెద్దకొడుకు భార్య పోయినప్పుడు ఓదార్చడానికి వచ్చి, అలా ప్రతి ఆదివారమూ వస్తున్నవాళ్లే. మంచివాళ్లు. చెప్పులు వరుసగా విడిచి, గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, కాలు పీట మీద పెట్టి, పైన దుప్పటి కప్పారు.

పెద్దకొడుకు లేచి ఆ రాజు కథ చదివాడు. చదివి తల్లివైపు చెయ్యి చూపించాడు.

"మా అమ్మ ఆ రాజు చేసిన తప్పు చెయ్యలేదు."

"బావగారూ, పై వాక్యం చదవండి."

అందరూ వెనక్కి తిరిగారు. చిన్నకోడలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇది మాట్లాడుకునే సమయం కాదమ్మాయీ."

"మాట్లాడమనడం లేదు. చదవమంటున్నాను. ఆ పై వాక్యం, దాని పై వాక్యం."

అతను చదవలేదు. కిటికీ పక్కన కూర్చున్న పోస్టాఫీసు ఆవిడ తన ఒళ్లోని పుస్తకం తిప్పింది. పాపం, ఆవిడకి ఏ దురుద్దేశమూ లేదు. చదవమన్నారు కదా అని చదివింది. ప్రవక్త వచ్చి తప్పు చెప్పడం, రాజుకి కోపం రావడం, చెరసాల. చివరికొచ్చేసరికి ఆవిడ గొంతు సన్నగిల్లింది.

"ఇందులో ఒక్క వైద్యుల మాటే తప్పంటారా?" అంది చిన్నకోడలు. "అంజూరపు ముద్ద కట్టమన్న ప్రవక్త సంగతి ఈ గదిలో ఎప్పుడైనా చదివారా? జబ్బు ఉన్నవాళ్లకే వైద్యుడు కావాలని యేసే అన్నాడు, అది చదివారా? కాదు, ఆ ఒక్క వాక్యమే. నలభై అయిదు రోజులుగా ఒకటే వాక్యం."

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఆపాలని ఆమెకూ అనిపించింది. కానీ నోరు అప్పటికే వేడెక్కి ఉంది.

"ఆ దుప్పటి తీసి చూపించండి అందరికీ. వేలు నల్లబడింది. అక్కని వైద్యులు చంపలేదు, జబ్బు చంపింది. ఆ కసి మీ అమ్మ కాలి మీద తీర్చుకుంటున్నారు."

పెద్దకొడుకు బైబిలు మూసి బల్ల మీద పెట్టాడు. కళ్లు ఎవరివైపూ తిప్పకుండా లోపలికి పోయి, రెండు చొక్కాలు సంచిలో కుక్కుకుని బయటికి నడిచాడు. తమ్ముడు "అన్నయ్యా" అని పిలిచాడు. ఒక్కసారే పిలిచాడు.

జనం ఒక్కొక్కరే లేచారు. చెప్పులు తొడుక్కోవడానికి అంతసేపు పడుతుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

*

"తృప్తిగా ఉందా?" అంది అత్తగారు.

గదిలో ఇద్దరే మిగిలారు. భర్త వీధి చివరిదాకా వెళ్లి వెతికి, ఒంటరిగా తిరిగొచ్చి, మెట్ల మీద కూర్చున్నాడు.

"నేను చెప్పినదాంట్లో అబద్ధముందా అత్తయ్యా?"

"లేదు."

"మరి?"

"ఆ రాజు కథ నాకు తెలియదనుకున్నావా? నలభై ఏళ్లుగా చదువుతున్నానే నేను. పైన ఏముందో తెలుసు, కింద ఏముందో తెలుసు. ఆ అంజూరపు ముద్ద సంగతి వాడికి చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ చెప్పినదాన్ని నేనే."

చిన్నకోడలు ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తెలిసి... తెలిసి మానేశారా?"

"వాడి భార్య ఆపరేషను వద్దంది. భయమేస్తోందని వాడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. వీడే నచ్చజెప్పి, బతిమాలి, కాగితం మీద సంతకం పెట్టించాడు. బల్ల మీంచి లేవలేదు. ఆ సంగతి మీ ఇద్దరికీ చెప్పొద్దన్నాడు, చెప్పలేదు. నెలన్నర క్రితం ఒక రోజు స్నానాల గదిలో తలుపేసుకున్నాడు. కుళాయి తిప్పి వదిలేశాడు. గంట గడిచింది. తలుపు కొట్టాను. లోపలినుంచి ఏమన్నాడో తెలుసా? ఈ ఇంట్లో నాతోపాటు నమ్మేవాళ్లు ఒక్కరు కూడా లేరమ్మా, నేనెందుకుండాలి అన్నాడు."

అత్తగారు కాలి మీది దుప్పటి సర్దుకుంది.

"నేనున్నాను రా అన్నాను. ఏం చెయ్యమంటే అది చేస్తానన్నాను. మాత్రలు మానెయ్యమ్మా అన్నాడు. మానేశాను. తలుపు తీశాడు."

"మాకు చెప్పొచ్చు కదా."

"చెబితే ఏం చేసేదానివి? పుస్తకం తెచ్చి వాక్యం చూపించేదానివి. వాడి ప్రాణం నా కాలి వేలికన్నా తక్కువా?"

మెట్ల మీద కూర్చున్న భర్త ఎప్పుడు లేచాడో, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. విన్నాడు. తలుపు రెక్క పట్టుకున్నాడు.

"ఎక్కడికి పోయాడో తెలియదు," అంది అత్తగారు. "వాణ్ణి గుమ్మం దాటించింది నువ్వు. నువ్వే తీసుకురా. వాడీ ఇంట్లో కాలు పెడితే, నువ్వు ఏం మింగమంటే అది మింగుతాను. విషమైనా సరే."

*

రంగుల దుకాణం ఆదివారం మూసి ఉంటుంది. పక్క సందులోంచి వెళ్తే సరుకు గది. తాళం బయట లేదు. ఆమె తలుపు తోసింది.

అతను డబ్బాల మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. బతికే ఉన్నాడు. అంతకుమించి ఏమీ చూడకుండానే ఆమెకు ఏడుపొచ్చింది.

"బావగారూ, నన్ను క్షమించండి. అంతమందిలో అలా అనకూడదు. అక్క సంగతి అసలే అనకూడదు."

"అమ్మ చెప్పిందా?"

"చెప్పింది."

అతను తల వంచుకున్నాడు. "ఎన్నాళ్లు చదివావు?" అన్నాడు.

"అయిదు రోజులు."

"అయిదు రోజుల్లో నన్ను ఓడించావు." నవ్వబోయాడు. "పై వాక్యం నాకు తెలియదా? తెలుసు. ఒక్కోసారి ఒక్క వాక్యమే మనిషి గొంతు పట్టుకుంటుంది. తక్కినవి వినబడవు. మార్కుది చదివావా?"

"చదివాను."

"పన్నెండేళ్లు రక్తం పోయిన ఆవిడ కథ?"

ఆమె తడబడింది. "అక్కడ పేజీ తిప్పేశాను."

"నేను తిప్పలేకపోతున్నాను. తొమ్మిది నెలలుగా రోజూ అదే చదువుతున్నాను. అంగీ అంచు ముట్టుకుంటే ఆవిడ బాగుపడింది. నా భార్య భయమేస్తోందని నా చొక్కా పట్టుకుంది. నేను ఆ చెయ్యి విడిపించి సంతకం చేయించాను. ఇప్పుడు చెప్పు. నువ్వు బాగా చదువుతావు కదా. దీనికి పైన ఏముంది, కింద ఏముంది?"

సంచిలో నోటుబుక్కు ఉంది. ఆమె చెయ్యి దాని మీదికి పోలేదు.

"నాకు తెలియదు బావగారూ."

"తెలియదని ఇప్పుడన్నావు. పొద్దున అని ఉంటే..." ఆగిపోయాడు. "పో. అమ్మని మాత్రలు వేసుకోమను. నేనే చెప్పానను."

"నేను చెబితే వినదు. మీరొస్తేనే మింగుతానంది. రండి. ఆవిడ కాలు నల్లబడుతోంది."

"ఆ పద్దెనిమిది మంది ముందు తల దించుకుని వచ్చాను. అది పర్వాలేదు. అమ్మ మొహం ఎలా చూడను? ఇంకో ఆడమనిషిని నేనే..." మాట పూర్తి చెయ్యలేదు. "నేను రాను. నువ్వెళ్లు."

"ఇక్కడ ఒక్కరూ ఏం చేస్తారు?"

"భయపడకు. రేపు పొద్దున దుకాణం తియ్యాలి. బడిగోడలకి రంగు కలపాలి, ఆర్డరుంది." అతను డబ్బా మూత మీద వేలు పెట్టి తిప్పుతున్నాడు. "ఆ పని అయ్యాక చూస్తాను."

ఆ 'చూస్తాను' ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. అడగడానికి భయమేసింది. సందు మలుపులో ఆగి భర్తకు ఫోన్ చేసింది. "మీరు వెంటనే ఇక్కడికి రండి. మీ అన్నయ్య దగ్గర కూర్చోండి. ఏమీ మాట్లాడకపోయినా సరే, ఊరికే కూర్చోండి." అతను సరేనన్నాడు. పెళ్లయ్యాక ఆమె చెప్పినదానికి ఎందుకని అడక్కుండా సరేనన్నది అదే మొదటిసారి.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అత్తగారు మంచం దిగి, కుర్చీ లాక్కుని, గుమ్మానికి ఎదురుగా కూర్చుని ఉంది. గుడ్డ కట్టిన కాలు నేల మీద ఆనించే ఉంది. నొప్పి తెలియడం లేదు. అదే అన్నిటికన్నా చెడ్డ గుర్తని దుకాణంలో కళ్ల డాక్టరు ఒకసారి చెప్పాడు.

"వాడేడీ?"

చిన్నకోడలు చెప్పులు విడిచింది. విడిచిన చెప్పులు వంగి సర్దింది.

"వస్తున్నారు అత్తయ్యా. మీ చిన్నబ్బాయి వెళ్లారు తీసుకురావడానికి. ఈలోగా మిమ్మల్ని మాత్ర వేసుకోమన్నారు."

"వాడే అన్నాడా?"

"ఆయనే అన్నారు."

"నీ మొహం చూసి అన్నాడా?"

"నా మొహం చూసే అన్నారు."

అత్తగారు ఆమె కళ్లలోకి చూసింది. మాత్ర తీసి ఇస్తే, అరచేతిలో కాసేపు పట్టుకుని, నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. నలభై అయిదు రోజుల తర్వాత. చిన్నకోడలు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"ఆసుపత్రికి పదండి అత్తయ్యా. ఇప్పుడే. నేను బండి పిలుస్తాను."

"ఆసుపత్రికా? వాడు రానీ. వాడే తీసుకెళ్తాడు. భార్యని తీసుకెళ్లిన చేతులు కదా, ఒకసారి నన్ను తీసుకెళ్లి, తిరిగి ఇంటికి తీసుకురావాలి. అప్పుడు గానీ వాడు బాగుపడడు." ఆమె గొంతులో ఎన్నాళ్లుగానో లేని హుషారు వచ్చింది. "తలుపు దగ్గరికి వెయ్యకు. లేచి కంచాలు పెట్టు. ఆకలితో వస్తాడు."

చిన్నకోడలు లేచి వంటింట్లోకి వెళ్లింది. నాలుగు కంచాలు దించి కడిగి పెట్టింది.